కలలో గంట మోగితే: శబ్ద సంకేతంతో లూసిడ్ డ్రీమింగ్

[గంట శబ్దం]

నమస్కారం. ఇప్పుడు మీరు విన్నది ఒక్క సెకను నిడివి ఉన్న శబ్దం. నిద్రలో ఇది చెవిన పడినప్పుడు "ఇది కల" అని గుర్తుపట్టడం ఎలాగో ఈ వీడియోలో నేర్చుకుందాం. కల కంటూ ఉండగానే అది కలని తెలియడమే లూసిడ్ డ్రీమింగ్. దీనికి శాస్త్రీయమైన ఆధారం ఉంది. 1975లో ఇంగ్లాండులోని హల్ విశ్వవిద్యాలయంలో ఆలన్ వోర్స్‌లీ అనే వ్యక్తి కలలో ఉండగానే, ముందే అనుకున్న ప్రకారం కళ్లను ఎడమకూ కుడికీ కదిలించాడు. కీత్ హెర్న్ అనే పరిశోధకుడు ఆ కదలికలను యంత్రంపై నమోదు చేశాడు. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో ఒళ్లంతా పట్టు సడలినా కళ్లు కదులుతాయి కాబట్టే అది సాధ్యమైంది.

ఆ నిద్రలో చెవులు కూడా పూర్తిగా మూసుకోవు. చిక్కంతా అక్కడే ఉంది. శబ్దం వినిపించగానే మనసు దాన్ని కథలో కలిపేసుకుంటుంది. నా మొదటి ప్రయత్నంలో ఈ గంటే కలలో బడి గంటయింది. నేను తరగతికి పరుగెత్తాను తప్ప, అది కలన్న అనుమానమే రాలేదు. ఫోనులో శబ్దం మోగించే యాప్ పెట్టుకుని పడుకుంటే చాలనుకునేవారికి నేను గట్టిగా చెప్పే మాట ఒకటే: మెలకువలో అర్థం నేర్పని శబ్దానికి కలలోనూ అర్థం ఉండదు.

ఆ అర్థం నేర్పే పద్ధతిని బ్రిటన్‌లోని స్వాన్సీ విశ్వవిద్యాలయంలో మిషెల్ కార్, మార్క్ బ్లాగ్రోవ్, వారి సహచరులు పరీక్షించి 2020లో ప్రచురించారు. నిద్రలో సంకేతాలు అందుకున్నవారిలో సగం మందికి ఒకే ఉదయపు కునుకులో లూసిడ్ కల వచ్చింది.

మీరు ఇలా చేయండి. మామూలు వేళకే పడుకుని, అయిదు గంటల తర్వాత లేచేలా అలారం పెట్టుకోండి. రెమ్ నిద్ర రాత్రి చివరి భాగంలోనే ఎక్కువ, అందుకే ఈ ఏర్పాటు. లేచాక దీపం మందంగా ఉంచుకుని, ఇరవై నిమిషాల పాటు నిమిషానికోసారి ఈ శబ్దం వినండి. విన్న ప్రతిసారీ ఆగండి. ఒళ్లు ఎలా ఉంది? మనసులో ఏ ఆలోచన నడుస్తోంది? చుట్టూ ఏదైనా వింతగా ఉందా? తర్వాత ముక్కు మూసుకుని గాలి పీల్చి చూడండి. కలలోనైతే చాలామందికి ఊపిరి ఆడుతుంది. ఇదంతా యాంత్రికంగా చేస్తే ఫలితం ఉండదు. నిజంగా అనుమానించాలి. ఆపై "ఈ శబ్దం వినగానే ఇది కల అని గుర్తిస్తాను" అనుకుంటూ పడుకోండి.

శబ్దం మళ్లీ మొదలవడానికి కనీసం అరగంట వ్యవధి ఇవ్వండి, తర్వాత కొన్ని నిమిషాలకోసారి మోగేలా అమర్చండి. అసలు నేర్పంతా ధ్వని స్థాయిలో ఉంది. మెలకువ వస్తే తగ్గించండి, కలలో దాని జాడే లేకపోతే రవ్వంత పెంచండి. నాకు సరైన స్థాయి దొరకడానికి తొమ్మిది రాత్రులు పట్టింది. చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్ల కన్నా మంచం పక్కన చిన్న స్పీకరు మేలు.

మూసిన రెప్పల మీద మెల్లగా వెలిగే కాంతి ముసుగులు కూడా ఉన్నాయి. శబ్దానికి కలత చెందేవారికి అవి నప్పవచ్చు. అన్నిటికన్నా చవకైన సాయం కలల డైరీ. లేవగానే రాయకపోతే, వచ్చిన లూసిడ్ కల కూడా మరుపున పడుతుంది.

గాలంటమిన్ అనే మందు గురించి కూడా చెప్పాలి. 2018లో 121 మందిపై జరిగిన అధ్యయనంలో అది లూసిడ్ కలలను పెంచింది. కానీ అది అల్జీమర్స్ వ్యాధికి ఇచ్చే మందు. దయచేసి వైద్యుల సలహా లేకుండా ముట్టుకోకండి. భ్రాంతులు, తీవ్రమైన నిద్రలేమి ఉన్నవారు ఈ సాధన జోలికే పోవద్దు. మిగతావారు కూడా వారానికి రెండు రాత్రులకు మించి నిద్ర చెడగొట్టుకోకండి.

కలలో ఎరుక కలిగిన క్షణంలో ఉత్సాహం ఉప్పొంగి మెలకువ వచ్చేస్తుంది. అలా జరగకుండా కలలోనే అరచేతులు రుద్దుకుంటూ ఆ స్పర్శ మీద దృష్టి నిలపండి.

మొదటి అభ్యాసం ఇప్పుడే చేద్దాం. శబ్దం వినగానే వీడియో ఆపి, ముక్కు మూసుకుని, మీరు మెలకువగానే ఉన్నారో లేదో పరీక్షించండి.

[గంట శబ్దం]