పక్షవాతం వచ్చిన ఇంట్లో రెండో మనిషి

అందరికీ నమస్కారం.

ఆదివారం పూట మన బెంగళూరులోనే మారతహళ్ళి నుంచీ, కె.ఆర్. పురం నుంచీ, ఎలక్ట్రానిక్ సిటీ నుంచీ ఇంత దూరం వచ్చారు. మీలో చాలామంది ఇంట్లో ఎవరినో ఒకరిని కాపలా పెట్టి వచ్చి ఉంటారు. ఆ ఏర్పాటు గురించే ఇవాళ ఎక్కువగా మాట్లాడతాను.

స్ట్రోక్, అంటే ఈ పక్షవాతం, ఎందుకు వస్తుందో హాస్పిటల్లో మీకు చెప్పే ఉంటారు. ఒక్కటి మాత్రం మళ్ళీ చెప్తాను. ఒకసారి వచ్చినవాళ్ళకి ఇంకోసారి వచ్చే ప్రమాదం ఎక్కువ. బీపీ మాత్రలు మీ అంతట మీరు ఆపెయ్యకండి. మూతి వంకర పోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా టైము చూసుకుని వెంటనే స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. రక్తం గడ్డ వల్ల వచ్చిన స్ట్రోక్ అయితే, దాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఆ సమయంలో నాటు మందు కోసం కారెక్కి ఊరికి బయల్దేరితే ఆ అవకాశం దారిలోనే పోతుంది.

నేను ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేస్తాను. చాలావరకు తెలుగువాళ్ళ ఇళ్ళే. కొడుక్కో కూతురికో ఇక్కడ ఉద్యోగం. అనంతపురంలోనో కడపలోనో నాన్నకు కాలూ చెయ్యీ పడిపోతే ఇక్కడికి తీసుకొచ్చేస్తారు. ఆయనతోపాటు అమ్మా వస్తుంది. ఊళ్ళో అయితే పక్కింటివాళ్ళో, వరసైనవాళ్ళో వచ్చి ఓ చెయ్యి వేసేవాళ్ళు. ఇక్కడ పన్నెండో అంతస్తు. పిల్లలు ఆఫీసుకి పోతే ఇంట్లో ఆవిడా, మంచం మీద ఆయనా. కన్నడం రాదు. కిందున్న మెడికల్ షాపుకి వెళ్దామన్నా ఆయన్ని ఒక్కణ్ణీ వదిలి కదల్లేదు. నేను వ్యాయామం చేయిస్తున్నంతసేపూ ఆవిడ నిలబడే ఉంటుంది. "కూర్చోండమ్మా" అంటే, నడుం పట్టుకుని "పర్లేదు నాయనా" అంటుంది.

ఆవిడకి అందరూ చెప్పేది ఒకటే: "రోజూ చేయించండి, లేచి నడుస్తాడు." ఆరు నెలలకీ ఆయన నడవకపోతే, తను సరిగ్గా చేయించలేదేమోనని ఆవిడ లోలోపల కుమిలిపోతుంది. ఆ తల్లులకి ఒక సంగతి చెప్పాలి. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో, 1,250 మంది స్ట్రోక్ పేషెంట్లతో అటెండ్ అనే పెద్ద అధ్యయనం చేశారు. ఫలితాలు 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. సుమారు సగం మందికి, ఇంట్లోవాళ్ళకే శిక్షణ ఇచ్చి వాళ్ళ చేతే వ్యాయామాలు చేయించారు. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలుగా వైద్యం అందుకున్నవాళ్ళకీ వీళ్ళకీ తేడా కనబడలేదు. అంటే ఇంట్లో మనిషికి నాలుగు వ్యాయామాలు నేర్పించి, ఇక అంతా మీదేనని పంపెయ్యడం చాలదు. ఆయన ఎంతవరకు కోలుకుంటాడన్నది ముందుగా మెదడులో దెబ్బ ఎక్కడ తగిలింది, ఎంత తగిలింది అన్నదాని మీద ఉంటుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, కానీ ఆగిపోదు. ఆయన నడవకపోతే అది మీ తప్పు కాదమ్మా.

మీ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి ఎప్పుడూ లేపకండి, భుజం కీలు జారుతుంది. చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు ముందు బాగున్న చెయ్యి. పడుకోబెట్టి ఏదీ తాగించకండి. మింగడం ఇబ్బందిగా ఉన్నవాళ్ళకి చిక్కటి రాగి జావ కంటే మంచినీళ్ళే ఎక్కువ ప్రమాదం, గబుక్కున జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగాక దగ్గు వచ్చినా, గొంతు గరగరలాడినా స్పీచ్ థెరపిస్టుకి చూపించండి. మింగడం పరీక్షించేది వాళ్ళే.

మాట పడిపోయినవాళ్ళ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒక ఇంట్లో పెద్దాయనకి మంచినీళ్ళు అడగడానికి మాట రాదు. గ్లాసు వైపు చూసి చెయ్యి ఊపుతాడు. సాయంత్రం దీపం పెట్టేసరికి మాత్రం "శుక్లాంబరధరం" మొత్తం గడగడా చెప్పేస్తాడు. "కావాలనే చేస్తున్నాడు" అని కోడలికి కోపం. కావాలని కాదు. చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన శ్లోకం, పాట, ఒకట్రెండ్లు లెక్కపెట్టడం మెదడులో వేరే దారిన వస్తాయి. కావలసిన మాట వెతుక్కుని చెప్పడమే దెబ్బతింది. ఆయనకి బుద్ధి చెక్కుచెదరలేదు. అందుకే చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడకండి, ఆయన ముందే ఆయన గురించి చెప్పుకోకండి.

మన ఇళ్ళలో ఇంకో చిక్కుంది. ఆయనది తెలుగు, థెరపిస్టుది కన్నడం, మనవడిది ఇంగ్లీషు. రెండు మూడు భాషలు వచ్చినవాళ్ళకి స్ట్రోక్ తర్వాత అన్నీ ఒకేలా తిరిగి రాకపోవచ్చని 1895లోనే పీత్ర్ అనే ఫ్రెంచి డాక్టరు రాశాడు. బాగా అలవాటున్న భాష ముందు వస్తుందని ఆయన గమనించాడు. అందరికీ అలాగే జరగాలని లేదు. అయినా థెరపీకి వెళ్ళేటప్పుడు ఆయన రోజూ వాడే తెలుగు మాటలు, మనవళ్ళ పేర్లు, ఊరి పేరు, సంగటి, చారు అన్నీ కాగితం మీద రాసుకెళ్ళండి. వాటితోనే సాధన చేయించమని అడగండి. అడిగితే చేస్తారు.

స్ట్రోక్ తర్వాత సుమారు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, దానికి మందులున్నాయి. మరి చూసుకునేవాళ్ళకి? నిద్ర లేక, ఎవరితోనూ చెప్పుకోలేక కూలబడిపోతున్నవాళ్ళని చూస్తున్నాను. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడతారు. మన హోసూర్ రోడ్డు నిమ్హాన్స్ ఆసుపత్రి దీనికి కేంద్ర సంస్థ. నిమ్హాన్స్‌లోనే న్యూరో రిహాబిలిటేషన్ విభాగం కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద 40 శాతం వైకల్యం ఉంటే సర్టిఫికెట్, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు ఇస్తారు, అప్లై చేయండి.

ఇక పిల్లలకి. డబ్బు పంపిస్తున్నాం, నర్సుని పెట్టాం అంటారు, సంతోషం. అమ్మ వారానికి ఒక పూటైనా బయటికి వెళ్ళాలి. గుడికో, చెల్లెలి ఇంటికో, ఎక్కడికైనా. ఆ పూట నాన్న దగ్గర ఎవరుంటారో పేరు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. "వీలైనప్పుడు చూద్దాం" అంటే ఆ వీలు ఎప్పటికీ కుదరదు.

టీ వచ్చింది. తాగి ఆ కుర్చీలు దగ్గరికి లాక్కోండి. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మార్చే పద్ధతి చూపిస్తాను. కొడుకులూ అల్లుళ్ళూ ముందు వరసలోకి రండి, మొదట మీ చేతే చేయిస్తాను.