హైఫూ మెషిన్ కొంటున్నారా? ముందు కార్ట్రిడ్జ్ లెక్క చూడండి

[స్క్రీన్ మీద: టేబుల్ మీద పరిచిన నాలుగైదు రంగుల బ్రోచర్లు]

నమస్కారం. క్లినిక్‌లో స్కిన్ టైటెనింగ్ మొదలుపెడదామని హైఫూ (హై ఇంటెన్సిటీ ఫోకస్డ్ అల్ట్రాసౌండ్) మెషిన్‌కు కొటేషన్లు తెప్పించుకుంటున్న డాక్టర్ల కోసం ఈ వీడియో. ఒక బ్రోచర్ మీద 7డి అని ఉంటుంది, ఇంకోదాని మీద 12డి అని ఉంటుంది. ఆ 'డి'లకు ఫిజిక్స్‌లో అర్థం లేదు, సేల్స్ వాళ్ల దగ్గర మాత్రం ఉంది. పక్కన పెట్టేయండి.

పని చేసే తీరు మీకు తెలిసిందే, రెండు మాటల్లో చెప్పేస్తాను. భూతద్దం ఎండను ఒక్క చుక్కలోకి తెచ్చినట్టు, ఈ మెషిన్ అల్ట్రాసౌండ్‌ను చర్మం లోపల ఒక చుక్కలోకి తెస్తుంది. అక్కడ వేడి 60 నుంచి 70 డిగ్రీలకు చేరి టిష్యూ గడ్డకడుతుంది, పైచర్మం మాత్రం కాలదు. ఆ చిన్న గాయం మానే క్రమంలో కొత్త కొలాజెన్ పుడుతుంది. అందుకే ఫలితం కనబడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. లేజర్‌లా కాకుండా, ఇది చర్మం రంగును చూసి వేడెక్కదు కాబట్టి మన చామనఛాయ, నలుపు చర్మాలకూ వాడొచ్చు. అలాగని మచ్చలే రావనుకోకండి. చర్మానికి పూసే జెల్ సరిగ్గా పట్టక గాలి మిగిలితే పైచర్మం కాలుతుంది, మన చర్మం మీద ఆ మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది.

[స్క్రీన్ మీద: చర్మం అడ్డుకోత బొమ్మ. 1.5, 3.0, 4.5 మిల్లీమీటర్ల గీతలు]

ముఖానికి సాధారణంగా మూడు లోతులు వాడతారు. 1.5, 3.0 మిల్లీమీటర్లు డెర్మిస్, అంటే పైచర్మం కింది పొర కోసం. 4.5 మిల్లీమీటర్లు స్మాస్ పొర కోసం, అంటే ఫేస్‌లిఫ్ట్ సర్జరీలో సర్జన్ లాగి కుట్టే పొర. అయితే ఆ పొర అందరికీ సరిగ్గా 4.5 దగ్గరే ఉండదు. బుగ్గ నిండుగా ఉన్నవాళ్లలో ఒకలా, ఎముకలు తేలినవాళ్లలో ఇంకోలా ఉంటుంది. మెషిన్లలో అసలు తేడా ఇక్కడే వస్తుంది.

అల్‌థెరపీ అనే మెషిన్‌లో షాట్ (ఒకసారి వదిలే అల్ట్రాసౌండ్) వేసే ముందు ఆ చోటు లోపల ఎలా ఉందో తెర మీద కనిపిస్తుంది. ఎముక దగ్గరగా ఉందా, జెల్ పట్టిందా లేదా చూసుకుని వేయొచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ దీనికి 2009లో కనుబొమ లిఫ్ట్‌కు, 2012లో గడ్డం కింద, మెడకు, 2014లో ఛాతీ పైభాగం గీతలకు క్లియరెన్స్ ఇచ్చింది. కొరియా నుంచి వచ్చే అల్ట్రాఫార్మర్, డబ్లో లాంటి వాటికీ మన దగ్గర మంచి వాడకం ఉంది. సోఫ్‌వేవ్ అనే మెషిన్ దారి వేరు. అది సమాంతర కిరణాలతో 1.5 మిల్లీమీటర్ల దగ్గరే పని చేస్తుంది, స్మాస్ దాకా వెళ్లదు.

ఇలా లోపలి చోటును తెర మీద చూపించే ఇమేజింగ్ లేని మెషిన్ పనికిరాదని నేననను. దాంతో బాగా చేసే చేతులున్నాయి. కానీ మీ క్లినిక్‌లో షాట్లు వేసేది టెక్నీషియన్ అయితే, తెర లేని మెషిన్ కొనొద్దని గట్టిగా చెప్తాను. దవడ అంచున, కణత మీద ముఖ నరాల కొమ్మలు వెళ్తాయి. అక్కడ తగిలితే పెదవి కొన్ని వారాలు వంకరగా ఉండొచ్చు. కంటిగుంట అంచు లోపలికి వెళ్తే కన్నే దెబ్బతినొచ్చు. జపాన్‌లో బ్యూటీ సెలూన్లు హైఫూ చేసి ఇలాంటి గాయాలు చేశాయి. 2023లో అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ దీనిపై నివేదిక ఇచ్చింది. 2024లో ఆరోగ్య శాఖ, డాక్టరు కానివాళ్లు హైఫూ చేస్తే చట్ట ఉల్లంఘనేనని తేల్చి చెప్పింది.

[స్క్రీన్ మీద: కాలిక్యులేటర్]

ఇప్పుడు డబ్బు సంగతి. అందరూ మెషిన్ ధర దగ్గర బేరమాడతారు. డబ్బు పోయేది కార్ట్రిడ్జ్ దగ్గర, అంటే చేత్తో పట్టుకునే హ్యాండ్‌పీస్‌కు తగిలించే భాగం దగ్గర. ఒక్కో లోతుకు ఒక్కో కార్ట్రిడ్జ్, దానిలో షాట్లు ఇన్నే అని లెక్క ఉంటుంది. లెక్క చూద్దాం, ఇవి నేను అనుకుంటున్న అంకెలు, మీ కొటేషన్ అంకెలు పెట్టుకోండి. కార్ట్రిడ్జ్ 80,000 రూపాయలు, అందులో 10,000 షాట్లు. షాటుకు 8 రూపాయలు. ఒక ముఖానికి మొత్తం 500 షాట్లయితే 4,000 రూపాయలు. సేల్స్ అతను ఇక్కడ ఆపేస్తాడు.

మీరు ఆగకండి. ఆ 500లో 4.5 లోతుకు 250, 3.0కు 200, 1.5కు 50 పడ్డాయనుకుందాం. అంటే 4.5 కార్ట్రిడ్జ్ 40 ముఖాలకు వస్తుంది, 3.0ది 50కి, 1.5ది 200కి. నెలకు ముగ్గురు పేషెంట్లు వచ్చే క్లినిక్‌లో ఆ 1.5 కార్ట్రిడ్జ్ అయిపోవాలంటే అయిదున్నరేళ్లు పడుతుంది. దాని ఎక్స్‌పైరీ రెండేళ్లు అయితే 72 ముఖాలు చేసి మిగతాది పారేయాలి. అప్పుడు ఆ లోతుకు ఒక ముఖం ఖర్చు 400 కాదు, 1,100 దాటుతుంది. కాబట్టి ఒక్కో కార్ట్రిడ్జ్ షాట్లు, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ మూడూ కొటేషన్‌లోనే రాయించుకోండి.

షాట్లు రీసెట్ చేసిన పాత కార్ట్రిడ్జ్‌లు చవగ్గా ఇస్తామని ఫోన్లు వస్తాయి. తీసుకోవద్దు. కౌంటర్ సున్నాకు తిప్పినంత మాత్రాన లోపల అల్ట్రాసౌండ్ పుట్టించే ట్రాన్స్‌డ్యూసర్ కొత్తదైపోదు. కొత్త కార్ట్రిడ్జ్ వచ్చినా వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. లోపలి ద్రవంలో గాలి బుడగ కనిపించినా, అంచున తడి ఉన్నా వెంటనే వెనక్కి పంపండి. బుడగ ఉంటే శక్తి లోపలికి వెళ్లదు.

[స్క్రీన్ మీద: పారదర్శక యాక్రిలిక్ ముక్క మీద హ్యాండ్‌పీస్]

డెమోలో చాలామంది యాక్రిలిక్ ముక్క మీద షాట్ వేసి లోపల పడ్డ తెల్ల చుక్కలు చూపిస్తారు. "చూశారా సార్, కరెక్టుగా 4.5" అంటారు. యాక్రిలిక్‌లో శబ్దం చర్మంలో కన్నా చాలా వేగంగా వెళ్తుంది, కాబట్టి అక్కడి లోతు చర్మంలోని లోతు కాదు. అయినా ఆ ముక్క పనికొస్తుంది. అడిగి చేతిలోకి తీసుకుని పక్క నుంచి చూడండి. చుక్కలన్నీ ఒకే వరుసలో ఉన్నాయా? మధ్య దూరం సమానంగా ఉందా? ఒకటి పెద్దగా, ఒకటి కనీకనిపించనట్టు ఉందా? వరుసగా పదిసార్లు వేయించండి. చుక్కలు ఎగుడుదిగుడుగా పడే మెషిన్ పేషెంట్ ముఖం మీదా అలాగే పడుతుంది.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. మన దేశంలో 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ ఉన్నాయి. దిగుమతి మెషిన్ అయితే సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ) ఇచ్చిన ఎండీ-15 దిగుమతి లైసెన్స్ కాపీ అడగండి. అందులో ఉన్న మోడల్ పేరూ మీరు కొనే మోడల్ పేరూ అక్షరం తేడా లేకుండా కలవాలి. "ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్ సార్" అని మెరిసే సర్టిఫికెట్ చూపిస్తే, 510కే నంబరు, అంటే ఎఫ్‌డీఏ క్లియరెన్స్ నంబరు అడగండి. రిజిస్ట్రేషన్ అంటే కంపెనీ పేరు నమోదైందని మాత్రమే, ఆమోదం వచ్చినట్టు కాదు. పైగా ఎఫ్‌డీఏ అలాంటి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లే ఇవ్వదు.

ఇంకొకటి, చాలామందికి తట్టనిది. మెషిన్‌లో ఇమేజింగ్ ఉంటే అది అల్ట్రాసౌండ్ స్కానర్ కిందికి వస్తుందా అన్న ప్రశ్న వస్తుంది. పుట్టబోయే బిడ్డ ఆడా మగా అని చూడటాన్ని నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం రిజిస్టర్ కాని చోటికి అల్ట్రాసౌండ్ మెషిన్ అమ్మడమే నేరం. ఆ తెర చర్మం కింద కొన్ని మిల్లీమీటర్లే చూపిస్తుందని మీకూ నాకూ తెలుసు, తనిఖీకి వచ్చినవాళ్లకు తెలియాలని లేదు. అమ్మేవాళ్ల నుంచి రాతపూర్వకంగా తీసుకోండి, ఈ చట్టం చూసే మీ జిల్లా అధికారి దగ్గర కూడా అడిగి, జవాబును ఫైల్లో పెట్టుకోండి.

[స్క్రీన్ మీద: కొటేషన్ చివరి పేజీ]

సర్వీస్ షరతులు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటాయి. హ్యాండ్‌పీస్ వారంటీలో ఉందా? పాడైతే రిపేరయ్యే దాకా ఇంకోటి ఇస్తారా? ఇంజనీర్ హైదరాబాద్ నుంచి వస్తాడా, ముంబై నుంచా, ఎన్ని గంటల్లో? మొత్తం డబ్బు ఒకేసారి కట్టకండి. ఇన్‌స్టలేషన్, ట్రైనింగ్, రెండో విడత కార్ట్రిడ్జ్ డెలివరీ, ఈ మూడూ అయ్యాకే చివరి చెక్కు ఇస్తామని పర్చేజ్ ఆర్డర్‌లో ఒక లైను రాయించండి. దానికి ఒప్పుకోని డీలర్ దగ్గర కొనకండి.