ముద్ర పడిన కాగితం

సర్పంచి గారికీ, వేదిక మీదున్న వకీళ్లకూ, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

నవంబరు 9 న్యాయసేవల దినం కాబట్టి ఉచిత న్యాయసహాయం గురించి చెప్పమన్నారు. 1987లో చేసిన చట్టం 1995లో ఇదే తేదీన అమల్లోకొచ్చింది. ఆడవాళ్లకూ, ఎస్సీ ఎస్టీలకూ, వికలాంగులకూ ఆదాయం ఎంతున్నా సరే వకీలును పెట్టి ఇస్తారు. 15100కి ఫోన్ చేయండి. చెప్పమన్నది చెప్పేశాను. ఇప్పుడు మా మేనత్త సంగతి వినండి.

1983లో అత్తయ్య మీద ఎవరో ప్రోనోటు దావా వేశారు. కూతురి పురుడుకని ఆవిడ ఊళ్లో లేనప్పుడు సమను తెచ్చినాయన తలుపుకి అంటించి పోయాడు. గాలికి పోయిందో, మేక తినేసిందో, ఆవిడ కంట మాత్రం పడలేదు. వాయిదాకి రాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఆవిడ మాట వినకుండానే అవతలివాళ్ల వైపు తీర్పు, అయిపోయింది. అరవై సెంట్ల చెక్క జప్తు అయిందని వీధిలో టముకు వేసిన రోజే ఆవిడకి తెలిసింది.

మర్నాడే పట్నం వెళ్లింది. కోర్టు దగ్గర చెట్టు కింద అర్జీలు రాసే ఆయన చేత ఆ డిక్రీ రద్దు చేయమని పిటిషన్ రాయించి దాఖలు చేసింది. వారానికి మళ్లీ వెళ్తే కాగితం చేతికిచ్చారు. వెనక ముద్ర ఉంది, ఇంగ్లీషులో నాలుగు వరసల రాత ఉంది. ఇంటికొచ్చి, "ముద్ర పడిందిరా అబ్బాయ్, ఇంక భయం లేదు" అని పసుపు గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకుంది.

అది లోపాలున్నాయని కోర్టు రిటర్న్ చేసిన కాగితమమ్మా! డిక్రీ సంగతి ఏ రోజు తెలిసిందో రాయలేదు, డిక్రీ నకలు జతచేయలేదు, వారంలో సరిచేసి మళ్లీ దాఖలు చేయాలి అని రాసుంది. ఆ నాలుగు వరసలూ ఆవిడకి చదివి చెప్పినవాడు లేడు. నాలుగు నెలలయ్యాక వేలం నోటీసు వచ్చింది. అప్పటికి నేను ఇంటర్ చదువుతున్నాను. నేనైనా ఆ కాగితం తెరిచి చూడలేదు.

ఆ తర్వాత నాకు కోర్టులోనే ఉద్యోగం వచ్చింది. రిటర్న్ కాగితం ఎవరి చేతికిచ్చినా, వకీలు లేకుండా వచ్చినవాళ్లయితే, కూర్చోబెట్టి చదివి వినిపించాను. "నీకెందుకయ్యా" అన్నవాళ్లున్నారు. నాకెందుకో ఇప్పుడు మీకు తెలుసు.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది తేదీ. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు చేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డరు 13వ రూలు కింద అడగాలి. గడువు డిక్రీ అయిన రోజు నుంచి 30 రోజులు. సమను సరిగా అందకపోతే మీకు తెలిసిన రోజు నుంచి 30 రోజులు. ఆ తెలిసిన రోజును పిటిషన్‌తో పెట్టే అఫిడవిట్‌లో, అంటే ప్రమాణపత్రంలో, రాసి తీరాలి. ఎవరు చెబితే, ఎలా తెలిసిందో కూడా రాయాలి. మా అత్తయ్యకి టముకు మోతే సాక్ష్యం. ఊరంతా విన్నది, కాగితం మీద మాత్రం ఎక్కలేదు. గడువు దాటిపోయినా వదులుకోకండి, ఆలస్యానికి కారణం చూపి మన్నించమని వేరే పిటిషన్ వేసుకోవచ్చు. డిక్రీ ఇంకా కాకుండా ఎక్స్‌పార్టీ చేసి వాయిదా వేసి ఉంటే, అదే ఆర్డరులో 7వ రూలుంది, ఆ వాయిదాకే పరుగెత్తండి.

మళ్లీ చెబుతున్నాను, తేదీ. సమను అందిన రోజు కవరు మీదే పెన్నుతో రాసుకోండి. వెనక బల్ల మీదున్న అమ్మాయిలూ, చదువుకున్నవాళ్లు మీరు. ఈ రాత్రి ఇంటికెళ్లి మీ అమ్మమ్మ ట్రంకుపెట్టె తెరిపించండి. కోర్టు ముద్ర ఉన్న కాగితం ఉంటే ముందు వెనక తిప్పి చూడండి.

అత్తయ్య కాగితం తెచ్చాను. ఇదిగో, పసుపు గుడ్డ కూడా అదే. చేతులు మార్చుకుంటూ చూడండి, మడత దగ్గర చిరిగింది, మెల్లిగా. చీకటి పడేదాకా ఈ అరుగు మీదే కూర్చుంటాను. మీ కాగితాలు పట్టుకు రండి, చదివి పెడతాను.