పెరుగూ చెనక్కాయలూ ఉండగా మయోనైజ్ సీసా ఎందుకు?

అందరికీ నమస్కారం. పొద్దున్నే నడకకి వచ్చే మన గుంపులో ఈమధ్య సలాడ్ తినేవాళ్ళు బాగా పెరిగారు, సంతోషమే, కానీ ఆ కీరా ముక్కల మీద ఏం వేసుకుంటున్నారని అడిగితే కొందరు సూపర్‌మార్కెట్‌లో కొన్న సీసా పేరు చెప్తున్నారు, ఇంకొందరేమో "ఏమీ లేదక్కా, ఉత్తవే నమిలేస్తున్నాం" అంటున్నారు. ఈ రెండూ వద్దని చెప్పేదానికే మైకు తీసుకున్నాను.

ముందు సీసా సంగతి. గుడ్డు సొనతో చేసే అసలు మయోనైజ్‌ని తూకం వేస్తే అందులో దాదాపు ముప్పావు వంతు నూనే. ఒక పెద్ద స్పూన్‌కి 90 నుంచి 100 కేలరీలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు అని లెక్క చూపించారు. మూడు పెద్ద స్పూన్ల మయోనైజ్ వేసుకుంటే ఆ లెక్క అక్కడికే సరి, ఇంక పప్పులో తాలింపుకి కూడా మిగలదు. ఎగ్‌లెస్ అని రాసి ఉంటే తేలిక అనుకోకండి, వాటిలో చాలావాటికి చక్కెర, స్టార్చ్, చిక్కగా ఉండేదానికి ఇంకేవో కలుపుతారు. సీసా వెనక్కి తిప్పి చదవండి. ఏది ఎక్కువుంటే దాని పేరే ముందు రాయాలన్నది రూలు, కాబట్టి మొదటి రెండు మూడు పేర్లు చూస్తే విషయం తెలిసిపోతుంది.

మరి ఇంట్లోనే పచ్చిగుడ్డుతో చేసుకుంటే? నేనైతే వద్దంటాను. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, పైగా మన తిరుపతి ఎండలు మీకు తెలియనివి కావు. 2024 అక్టోబరులో తెలంగాణ, 2025 ఏప్రిల్‌లో పక్కనే ఉన్న తమిళనాడు పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది ఊరికే కాదు.

ఇంక ఉత్తవే నమిలేవాళ్ళు. క్యారెట్‌లో, ఆకుకూరల్లో ఉండే కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ అయ్యేది) ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు తోడుండాలి. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2004లో దీన్నే పరీక్షించి చూశారు, కొవ్వు బొత్తిగా లేని డ్రెస్సింగ్‌తో (అంటే సలాడ్‌లో కలుపుకునే రసంతో) సలాడ్ తిన్నవాళ్ళ రక్తంలోకి కెరోటిన్లు చేరడం దాదాపు లేదనే చెప్పాలి. అంటే నూనెకి భయపడి పచ్చి క్యారెట్ కొరుక్కుంటూ కూర్చుంటే దవడ నొప్పి మిగులుతుంది గానీ కెరోటిన్ పెద్దగా దక్కదు. (నవ్వకండి, ముందు వరసలో ఉన్న మిమ్మల్నే అంటున్నాను.)

కొవ్వు కావాలి, కానీ చిక్కదనం మొత్తం ఆ కొవ్వుతోనే తేవాల్సిన పని లేదు, నేను చెప్పొచ్చేది ఇదే. మయోనైజ్‌లో గుడ్డు సొన నూనెని సన్నటి చుక్కలుగా పట్టి ఉంచుతుంది, అందుకే అది నున్నగా, చిక్కగా ఉంటుంది. ఆ నునుపు మనకి పెరుగులోని ప్రోటీన్ ఇస్తుంది, నూరిన గింజ ఇస్తుంది. సంగటిలోకి ఊరిబిండి (చెనక్కాయల పచ్చడి) చేసుకునే ఊళ్ళో, పెరుగు పచ్చడికి ఆవ పెట్టడం తెలిసినవాళ్ళకి ఇది కొత్త విద్య కాదు.

పెరుగు దగ్గరే అసలు పనంతా ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. అర లీటరు తియ్యటి పెరుగు తీసుకోండి, ఈరోజు తోడుకున్నదైతే మంచిది, పులిసిన పెరుగుని ఎంత వడకట్టినా పులుపు పోదు. పల్చటి నూలు గుడ్డని చిల్లుల గిన్నెలో పరిచి, కింద ఇంకో గిన్నె పెట్టి, పెరుగు పోసి, మూట కట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మన అమ్మమ్మల్లాగా పంపుకి వేలాడదీస్తే మే నెలలో రెండు గంటలకే పులిసి కూర్చుంటుంది. ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు ఉంచితే తేట దిగి దాదాపు సగం అవుతుంది, గేదె పాల పెరుగైతే ఇంకొంచెం ఎక్కువే మిగులుతుంది. ఆ తేట పారబోయకండి, చపాతీ పిండి కలపండి, లేదంటే చారులో పోయండి.

రెండోది చెనక్కాయ గింజలు, అవే వేరుశెనగలు. మన జిల్లాలో వీటి గురించి చెప్పేదేముంది, కానీ ఒక్క మాట, సన్న సెగ మీద లోపలి వరకు వేగాలి, పైన మాత్రం మాడి లోపల పచ్చిగా ఉంటే డ్రెస్సింగ్ అంతా పచ్చి వాసనే. పొట్టు తీసి రెండు పెద్ద స్పూన్ల గింజలు చిన్న జార్‌లో ముందు పొడిగా, తర్వాత రెండు స్పూన్ల నీళ్ళతో మెత్తగా తిప్పండి. పలుకు తగిలిందంటే అది చట్నీ అయిపోతుంది.

ఆవాలు పావు స్పూన్ చాలు. వేయించకూడదు, వేడినీళ్ళు పోయకూడదు, రెండిట్లో ఏది చేసినా ఘాటు చచ్చిపోతుంది. ఆ ఘాటు గింజలో రెడీగా ఉండదు, నలిగి నీళ్ళు తగిలాక లోపలి ఎంజైమ్ పనిచేస్తేనే పుడుతుంది. అందుకని మామూలు నీళ్ళతో నూరి పది నిమిషాలు వదిలేసి అప్పుడు పెరుగులో కలపండి. పులుపు తగిలాక ఆ ఘాటు తొందరగా పోదు కూడా.

మిగతావి సులువు. అర నిమ్మకాయ రసం, ఒక చిన్న స్పూన్ గానుగ నూనె, ఒక చిన్న వెల్లుల్లి రెబ్బ, మిరియాల పొడి, కొత్తిమీరో పుదీనానో మీ ఇష్టం. తోతాపురి మామిడికాయలొచ్చే రోజుల్లో నిమ్మకాయ బదులు దోరకాయ ముక్క ఒకటి నూరి కలిపితే ఇంకా బాగుంటుంది, నాకైతే అదే ఇష్టం. అన్నీ కలిపాక పెద్ద స్పూన్‌కి సుమారు 20, 25 కేలరీలు. ఉప్పు చూసి వేయండి, రోజంతటికీ 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, మనం ఊరగాయతోనే అందులో సగం లాగించేస్తాం. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు తగ్గించి నిమ్మరసం, ఆవ పెంచుకోండి, లోటు అంతగా తెలియదు.

చాలామంది ఫోన్ చేసి "డ్రెస్సింగ్ నీళ్ళైపోయింది" అంటారు. తప్పు డ్రెస్సింగ్‌ది కాదు, కీరాది. ఉప్పు తగలగానే అది నీళ్ళు వదులుతుంది, టమాటా అంతే. కీరా మధ్యలో గింజల భాగం గీకేయండి, కడిగిన ముక్కల్ని గుడ్డ మీద ఆరబెట్టండి, తినే ముందు మాత్రమే కలపండి. ఆఫీసుకి బాక్స్ తీసుకెళ్ళేవాళ్ళు డ్రెస్సింగ్‌ని వేరే చిన్న డబ్బాలో పెట్టుకోవాలి, ఏసీ లేని చోట పనిచేసేవాళ్ళయితే మధ్యాహ్నం దాకా బయట ఉంచొద్దు. ఫ్రిజ్‌లో గాజు సీసాలో రెండు మూడు రోజులు ఉంటుంది, తడి స్పూన్ పెట్టొద్దు, రోజురోజుకీ కాస్త పులుస్తుంది కాబట్టి మొదట్లో నిమ్మరసం తక్కువే పిండండి.

పెరుగు పడనివాళ్ళు అడుగుతారని తెలుసు. తెల్ల నువ్వులు రంగు మారకుండా దోరగా వేయించి, మెత్తగా నూరి, నిమ్మరసం, నీళ్ళు కొంచెం కొంచెంగా కలపండి. మొదట ముద్దలా బిగుసుకుపోతుంది, అప్పుడు టెన్షన్ పడి నూనె పోసేస్తారు చాలామంది. ఇంకో రెండు స్పూన్ల నీళ్ళు పోసి తిప్పుతూ ఉంటే అదే వదులై, తెల్లబడి, మీగడలా వస్తుంది. ఇందులో కేలరీలు ఎక్కువే, ఒక స్పూన్‌తో ఆపండి.

అవకాడో గురించి ఎవరూ అడక్కండి. మంచి పండే, కాదనను, కానీ ఆ డబ్బుతో వారం రోజుల పెరుగు వస్తుంది.

ఆ బల్ల మీద రెండు గిన్నెలు పెట్టాను, పక్కనే క్యారెట్, ముల్లంగి, ఉడకబెట్టిన బీట్‌రూట్ ముక్కలున్నాయి. స్టీలు గిన్నెలోది చెనక్కాయది, గాజు గిన్నెలోది నువ్వులది. చెనక్కాయలు పడని పిల్లలెవరైనా ఉంటే గాజు గిన్నెలోదే పెట్టండి, స్పూన్లు మాత్రం అటూ ఇటూ మార్చకండి. నువ్వులు కూడా పడకపోతే రెండూ వద్దు, నిమ్మకాయ ముక్కలు, ఒక స్పూన్ నూనె విడిగా ఉంచాను, అవి తీసుకోండి.