పాత ఫైలు పారేయకండి
(విశాఖపట్నంలో బ్లడ్ క్యాన్సర్ నుంచి కోలుకున్నవారి సమావేశంలో ఒక వైద్యురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పాడేరు నుంచీ పలాస నుంచీ తెల్లవారకుండానే బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు, కాబట్టి అసలు మాట ముందే చెప్పేస్తాను. మీ బ్లడ్ క్యాన్సర్ తగ్గింది. దాన్ని తగ్గించిన మందుల వల్ల, రేడియేషన్ వల్ల కొందరికి ఏళ్ల తర్వాత వేరే క్యాన్సర్ రావచ్చు. ఎక్కువమందికి రాదు. వచ్చినా, మొదట్లోనే పట్టుకుంటే చేయగలిగింది చాలా ఉంటుంది.

ఇది పాత జబ్బు తిరగబెట్టడం కాదు. అనకాపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. చాలా ఏళ్ల కిందట వేరే ఊళ్లో ఎముక మూలుగ మార్పిడి చేయించుకున్నారు. నాలుక పక్కన పుండు. కారం తగిలి మండుతోందనుకుని మూడు నెలలు పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది. "తగ్గిపోనాది కదమ్మా, మళ్లీ ఇదేటి?" అన్నారు. మార్పిడికి ముందు ఒంటికంతా రేడియేషన్ ఇచ్చారా అని అడిగాను. ఆయనకి తెలీదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి ఇంటి రేకులు లేచిపోయి, ఫైలు తడిసి ముద్దయిపోయిందట. ఆపరేషన్ చేశారు, మనిషి బాగున్నారు. మాట మాత్రం ఇప్పటికీ ముద్దగానే వస్తుంది. మొదటి నెలలోనే వచ్చుంటే అనుకుంటాను, ఆయన్ని చూసినప్పుడల్లా.

1948లో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన మందుతో, లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకి కొన్ని నెలల ఉపశమనం దొరికింది. అప్పట్లో అదే గొప్ప. ఇవాళ ఇరవయ్యేళ్ల తర్వాతి సంగతి మాట్లాడుకుంటున్నామంటే, అంతకాలం బతుకుతున్నారు కాబట్టే.

ఎందుకొస్తుందంటే, కీమో మందులు క్యాన్సర్ కణాల డీఎన్‌ఏని దెబ్బతీస్తాయి. ఆ దెబ్బ పక్కనున్న మంచి కణాలకీ కొంత తగులుతుంది. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందుల తర్వాత సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లకి, ఎటోపోసైడ్ లాంటి వాటి తర్వాత 1 నుంచి 3 ఏళ్లకే, మూలుగలో కొత్త జబ్బు మొదలవ్వచ్చు. రేడియేషన్ వల్ల వచ్చే గడ్డలు నెమ్మది, పదేళ్లు దాటాక కూడా వస్తాయి. మార్పిడి తర్వాత దాత కణాలు నోటి మీద, చర్మం మీద ఏళ్ల తరబడి దాడి చేస్తూ ఉంటే, అక్కడే క్యాన్సర్ పుట్టే అవకాశం పెరుగుతుంది. పెద్ద వయసులో నెమ్మదిగా పెరిగే సీఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లకి, ఏ మందూ వాడకపోయినా, రోగనిరోధకశక్తి తగ్గడం వల్ల చర్మం, ఊపిరితిత్తుల క్యాన్సర్లు ఎక్కువ.

అందుకే చుట్ట గురించి గట్టిగా చెప్తున్నాను. మన తీరం ఊళ్లలో అమ్మలు అడ్డపొగ తాగుతారు, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. అది అంగిలిని కాలుస్తుంది, అక్కడే క్యాన్సర్ వస్తుంది. మార్పిడి అయిన నోటికి ఆ నిప్పు కూడా తోడైతే? మానేయండమ్మా, ఇవాళే. ఖైనీ, గుట్కా కూడా. నోట్లో పుండు రెండు వారాల్లో మానకపోతే వెంటనే చూపించండి.

చిన్న వయసులో ఛాతీకి గానీ, ఒంటికంతా గానీ రేడియేషన్ తీసుకున్న ఆడవాళ్లు రొమ్ము పరీక్షలు అందరికంటే ముందే మొదలుపెట్టాలి. పాతికేళ్ల వయసు, రేడియేషన్ తర్వాత 8 ఏళ్లు, ఈ రెండింటిలో ఏది తర్వాత వస్తే అప్పటి నుంచి. గర్భాశయ ముఖద్వారం పరీక్ష మానకండి. మెడ దగ్గర గడ్డ తగిలితే చెప్పండి. సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష, ఎన్నాళ్లకోసారో మీ డాక్టరునడిగి, ఆ ప్రకారం చేయించుకోండి.

ఇవన్నీ చెప్పాలన్నా ఏ మందు ఎంత పడిందో మాకు తెలియాలి. పెళ్లి సంబంధాలకి అడ్డొస్తుందని కూతురి ఫైలు చింపేసిన తల్లిదండ్రుల్ని చూశాను. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఆ అమ్మాయి శరీరం ఆ మందుల్ని మర్చిపోదు. అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రికి వెళ్లినా, కేజీహెచ్‌కి వెళ్లినా, మీ ఊరి పీహెచ్‌సీకి వెళ్లినా, "నాకు ఫలానా సంవత్సరం బ్లడ్ క్యాన్సర్ వైద్యం జరిగింది" అని మొదట చెప్పండి.

బయట బల్ల దగ్గర మా సిస్టర్లు కూర్చున్నారు. ఫైలు తెచ్చినవాళ్లకి మందుల పేర్లు, మోతాదులు, రేడియేషన్, తేదీలు ఒకే కాగితం మీద రాసి ఇస్తారు. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పిల్లలకి కూడా పంపండి. ఫైలు లేనివాళ్లు వైద్యం చేయించుకున్న ఆసుపత్రి పేరు, సంవత్సరం చెప్పండి. రికార్డుల కోసం ఉత్తరం రాసి, నేనే సంతకం పెట్టి ఇస్తాను.