పీచు దీపం, గుర్రపుడెక్క పీట: ఏది కొనాలి?

నమస్కారమండీ. ఈ రోజు బల్ల మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి కొబ్బరి పీచు దీపం, మోకాలెత్తు ఉంటుంది. రెండోది కాలవల్లో పెరిగే గుర్రపుడెక్క మొక్క కాడలతో అల్లిన పీట. రెండూ మన కోనసీమ సరుకే. అమ్మినవాళ్లు మాత్రం వీటిని ‘శిల్పాలు’ అన్నారు, రేటు కూడా శిల్పం రేటే వేశారు. నా డబ్బుతోనే కొన్నాను. ఎవరి దగ్గర కొన్నానో చెప్పను, ఎందుకో వీడియో చూస్తుంటే మీకే తెలుస్తుంది.

ముందు దీపం. ఫోటోలో చూస్తే కొనకుండా ఉండలేరు. లోపల బల్బు వెలిగితే పోగు పోగూ బంగారు రంగులో మెరుస్తుంది, ఆ అందాన్ని కాదనను. ఇప్పుడు బోర్లా తిప్పుతున్నాను. తమ్ముడూ, కెమెరా కాస్త దగ్గరికి తే. చూశారా, లోపల ఫైబర్‌గ్లాస్ డొల్ల. దాని మీద జిగురు పూసి పీచు అద్దేశారు. గోటితో ఇలా అంటే చాలు, పొర లేచి వస్తోంది. నిలబెడుతున్నది ఫైబర్‌గ్లాస్, పీచుది పైపై సోకు మాత్రమే.

అంబాజీపేట వైపు రోడ్డు పక్కన కొబ్బరి డొక్కల గుట్టలు చూస్తూ పెరిగినవాళ్లకి పీచు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది! దాన్లో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువ, అందుకే ఉప్పునీళ్లలో నానినా మిగతా నారల్లా తొందరగా కుళ్లదు. ఒంటి పోగు బిరుసుగా ఉంటుంది, గట్టిగా మెలిపెడితే తెగుతుంది. అదే గుప్పెడు పోగులు కలిపి పురి పెట్టి, అలాంటి రెండు పురుల్ని ఎదురు మెలికతో పేనారనుకోండి, ఒకదాన్నొకటి బిగించుకుని ఇక విడిపోవు. ఇంత సత్తువ ఉన్న సరుకు తెచ్చి జిగురుతో అంటించడమేమిటండీ!

లోపల ఊతం ఉండటం తప్పని మాత్రం అనుకోకండి. మృణాళినీ ముఖర్జీ గారని గొప్ప శిల్పి ఉండేవారు. 1949లో బొంబాయిలో పుట్టారు, బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ గారి దగ్గర చదువుకున్నారు. మగ్గం జోలికి పోకుండా, రంగులద్దిన నార తాళ్లని చేత్తో ముడి మీద ముడి వేసుకుంటూ నిలువెత్తు శిల్పాలు చేశారు. వాటిలోనూ ఇనుప చట్రం ఉంటుంది. కానీ ఆ మడతలు, ఆ జారుడు, ఆ బరువు అన్నీ ముడుల్లోంచి వచ్చినవే. ముడులు విప్పేస్తే శిల్పం లేదు. 2015లో ఆవిడ పోయారు. 2019లో న్యూయార్క్‌లోని మెట్ బ్రాయర్ మ్యూజియంలో ఆవిడ పనినంతా ఒకచోట పెట్టి పెద్ద ప్రదర్శన చేశారు.

జిగురు వాడటమూ పాపమేం కాదు. మెక్సికో డిజైనర్ ఫెర్నాండో లపోస్ మొక్కజొన్న పొత్తుల పై డొప్పల్ని ఇస్త్రీ చేసి చదును చేస్తాడు, వెనక గుడ్డలాంటి పొర అంటించి, ముక్కలు కోసి, బల్లల మీదా గోడల మీదా పరుస్తాడు. అక్కడి నాటు మొక్కజొన్న డొప్పల్లో మీగడ రంగు, ఎరుపు, ఊదా ఉంటాయి. ఆ సహజమైన రంగులే అతని సరుకు. డొప్పకి గిరాకీ వస్తే టోనవీస్ట్‌లా అనే ఊళ్లో రైతులకి పాత విత్తనాలు వేయడానికి ఒక కారణం దొరుకుతుంది. మన దీపంలో పీచు బదులు గోధుమ రంగు నైలాన్ అద్దినా పెద్ద తేడా తెలియదు. నా కంప్లైంట్ అదీ.

ఇప్పుడు పీట. గుర్రపుడెక్క మన కాలవల్ని ఎంత సతాయిస్తుందో మీకు తెలుసు. దక్షిణ అమెరికా నుంచి వచ్చి ఇక్కడ తిష్ఠ వేసింది. పచ్చి కాడలో 90 శాతానికి పైగా నీళ్లే, మిగతాది గాలి నిండిన స్పాంజి. ఎండితే బొద్దు కాడ కాస్తా పలచటి పట్టీ అయిపోతుంది. ఈ పీట చేసినావిడ ఆ సన్నబడటాన్నే పనిలో పెట్టుకుంది. కాడ మొదలు లావు, కొస సన్నం కదా. మొదళ్లన్నీ అంచుకి, కొసలన్నీ మధ్యకి వచ్చేలా జడ అల్లింది. అందుకే అంచు దిట్టంగా ఉంది, మధ్యలో దానంతటదే చిన్న గుంట పడింది. కూర్చుంటున్నాను చూడండి. కిర్రుమంటుంది, భయపడకండి, కింద వెదురు చట్రం ఉంది. వేలితో తడిమితే కాడ మీది సన్నటి గీతలు తగులుతాయి. వార్నిష్ వేయకుండా వదిలేసినందుకు ఆవిడకి దణ్ణం పెట్టాలి.

లోపం లేకపోలేదు. అడుగున, ఈ మూల, బూడిద రంగు మచ్చ కనిపిస్తోందా? బూజు. ముక్కు దగ్గర పెడితే ముక్కవాసన. కాడలు పూర్తిగా ఎండకముందే అల్లేసినట్టున్నారు. మన గాలిలో తేమకి అది ఊరుకుంటుందా!

నా లెక్కలో దీపానికి పదికి మూడు, అదీ వెలుగుకే. పీటకి ఎనిమిది. కొనేవాళ్లు వర్షాకాలంలో అల్లినది తీసుకోకండి, ఎండాకాలం సరుకు అడగండి. ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ కవరు తీసేసి, గోడకి ఆనించకుండా గాలి తగిలేచోట వేసుకోండి. తడిగుడ్డతో తుడవద్దు, పొడి బ్రష్ చాలు.