100 కిలోల రాయి, 56 కిలోల సున్నం: మిగతా 44 ఏమైనట్టు?

[తెర మీద: ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గని. పొరలు పొరలుగా బండలు.]

పిల్లలూ, నమస్తే. మన కడప జిల్లాలో నాపరాయి తగలని ఇల్లు చాలా తక్కువ. నట్టింట్లో అదే, వంటగట్టు మీదా అదే. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది కూడా ఈ నేలలోని సున్నపురాయి కోసమే. నాపరాయీ సున్నపురాయిలో ఒక రకమే. రెండింట్లోనూ ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్.

స్వచ్ఛమైన సున్నపురాయిని 100 కిలోలు బట్టీలో వేసి, దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర పూర్తిగా కాలిస్తే చేతికొచ్చే సున్నం 56 కిలోలే. రాయి గడ్డ గడ్డలాగే కనిపిస్తుంది, ఎత్తి చూస్తే మాత్రం తేలిక. 44 కిలోలు ఏవి? క్లాసులో అడిగితే వెంటనే వచ్చే జవాబు, "కాలిపోయింది సార్". కాలిపోవడమంటే లేకుండా పోవడమని మనలో పాతుకుపోయింది. ఈరోజు దాన్నే వేళ్లతో సహా పీకేద్దాం.

స్కాట్లాండ్‌కు చెందిన జోసెఫ్ బ్లాక్ 1756లో అచ్చువేసిన ప్రయోగాల్లో, సున్నపురాయి కాలినప్పుడు తగ్గే బరువు అందులోంచి బయటపడే ఒక వాయువుదని తూచి మరీ తేల్చాడు. ఇప్పుడు మనం కార్బన్ డై ఆక్సైడ్ అంటున్నది దాన్నే. చర్యకు ముందు ఎంత ద్రవ్యం ఉందో తర్వాతా అంతే ఉంటుందని ఫ్రాన్సులో లావోయిజర్ 1789 నాటి తన గ్రంథంలో స్పష్టంగా రాశాడు. మీ పుస్తకంలోని ద్రవ్యనిత్యత్వ నియమం ఇదే.

[తెర మీద:
సీఏసీఓ₃ → సీఏఓ + సీఓ₂
100 = 56 + 44]

బాణానికి ఎడమవైపు క్రియాజనకం, అంటే చర్యలోకి వెళ్లేది. కుడివైపు క్రియాజన్యాలు, అంటే చర్యలో పుట్టేవి. వేలు పెట్టి లెక్కపెట్టండి. ఎడమవైపు కాల్షియం ఒకటి, కార్బన్ ఒకటి, ఆక్సిజన్ మూడు. కుడివైపు సున్నంలో ఒక ఆక్సిజన్, గాలిలో కలిసినదాంట్లో రెండు. మొత్తం మూడే. పరమాణు భారం కాల్షియంకు 40, కార్బన్‌కు 12, ఒక్కో ఆక్సిజన్‌కు 16 వేసుకుంటే పైనున్న అంకెలు వాటంతట అవే వస్తాయి. మన నాపరాయిలో బంకమన్ను, సిలికా కూడా కలిసి ఉంటాయి కాబట్టి దాన్ని కాలిస్తే సరిగ్గా 56 రాదు. అయినా ఎక్కడా ఒక్క పరమాణువు మాయం కాదు.

ఆ 44 తిరిగి రావడమూ మీరు చూసే ఉంటారు. సున్నంలో నీళ్లు పోస్తే కుతకుతలాడుతుంది, 56కు 18 చేరి 74 అవుతుంది. గోడకు వెల్ల వేశాక అది గాలిలోంచి మెల్లగా 44 పీల్చుకుని, 18 నీటిని వదిలి, మళ్లీ 100 అవుతుంది. పాత వెల్లగోడ మీది పొర మళ్లీ కాల్షియం కార్బొనేటే. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇది.

[క్లోజప్: నాపరాతి ముక్క మీద టీచర్ వేసిన సజల (నీళ్లు కలిపిన) హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అంటే హెచ్‌సీఎల్, చుక్క. బుసబుసమని నురగ.]

ఇప్పుడు అసలు చిక్కు.

[తెర మీద: సీఏసీఓ₃ + హెచ్‌సీఎల్ → సీఏసీఎల్₂ + హెచ్₂ఓ + సీఓ₂]

ఎడమవైపు క్లోరిన్ ఒకటి, కుడివైపు రెండు. హైడ్రోజన్‌దీ అదే కథ. చాలామంది ఇక్కడ హెచ్‌సీఎల్‌ను హెచ్₂సీఎల్₂ చేసేస్తారు. అలా చేయకండి. కింద రాసే చిన్న అంకెను ముట్టుకుంటే పదార్థమే మారిపోతుంది. ఆ పేరుతో ఆమ్లం ఏదీ మన సీసాలో లేదు. ఎన్ని అణువులు కావాలో చెప్పే అంకెను ముందు రాయాలి: 2హెచ్‌సీఎల్. అంతే, సమీకరణం తుల్యమైంది. తూకం కూడా చూడండి: ఎడమవైపు 100 + 73, కుడివైపు 111 + 18 + 44. రెండు వైపులా 173.

[తెర మీద: లీటరు సోడా సీసా, 0.1 గ్రాము వరకు చూపే తూకం.]

బరువు మాయం కాదని ఇంట్లో తూచి చూడాలంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వద్దు, వెనిగర్ చాలు. పెద్దవాళ్లను పక్కన పెట్టుకోండి. గట్టి ప్లాస్టిక్ సోడా సీసాలో 50 మిల్లీలీటర్ల వెనిగర్ పోయండి. 2 గ్రాముల వంటసోడా టిష్యూ కాగితంలో పొట్లం కట్టి లోపల వేసి, వెంటనే మూత బిగించి తూచండి. సోడా 2 గ్రాములు దాటకూడదు, గాజు సీసా అసలు వాడకూడదు. నురగ తగ్గాక మళ్లీ తూచండి. అంకె కదలదు. ఇప్పుడు సీసాను ముఖానికి దూరంగా పట్టుకుని మూత మెల్లగా వదులు చేయండి. బుస్సుమంటుంది, అంకె దిగుతుంది.

సీసా మూతికి బెలూన్ తొడిగి ఇదే ప్రయోగం చేసే వీడియోలు చాలా ఉన్నాయి. ఉబ్బిన బెలూన్ తన చుట్టూ ఉన్న గాలిని పక్కకు నెడుతుంది, ఆ గాలి దాన్ని కొంచెం పైకి ఎత్తుతుంది. గ్యాస్ ఏమాత్రం బయటికి పోకపోయినా తూకం కాస్త తక్కువ చూపిస్తుంది. మీకూ అలా తగ్గితే నియమాన్ని అనుమానించకండి. బెలూన్ తీసేసి, బిగుసుకుపోయి ఉబ్బకుండా ఉండే సీసాతో మళ్లీ తూచి చూడండి.